సైలెన్సర్ కిట్లు కొన్నవారికి: తప్పు మీ వెల్డింగ్‌లో లేదు

మా దగ్గర కిట్ కొని, కారు కంపెనీ సైలెన్సర్‌ను ఇంట్లోనే కోసి మార్చుకున్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. ఈమధ్య మీలో నలుగురు ఫోన్ చేసి, కొన్ని నెలలకే శబ్దం మారిపోయిందన్నారు. నలుగురికీ ఒకే జవాబిచ్చాను: అతుకు ఎక్కడో లీకవుతోంది, మళ్లీ వెల్డింగ్ చేసుకోండి అని. ఆ జవాబు తప్పు.

ఆ నలుగురిలో ఒకాయన నా దగ్గర మూడు కార్లకు కిట్లు తీసుకున్నారు. "మొదట్లో గంభీరంగా ఉండేది, ఇప్పుడు ఖాళీ డబ్బాలా మోగుతోంది" అన్నారు. వెల్డింగ్‌లో ఆయన చెయ్యి నా చేతికంటే నిలకడైనదని తెలిసీ లోపం ఆయన మీదికే నెట్టాను. ఆయన వాదించలేదు. సైలెన్సర్ కోసి ఫొటో పంపారు. లోపల దట్టించిన ఉన్నిలో సగం లేదు.

కంపెనీ సైలెన్సర్‌లో గదులు, అడ్డుగోడలు ఉంటాయి. శబ్దతరంగాలు వాటికి తగిలి వెనక్కి మళ్లి ఒకదాన్నొకటి అణచుకుంటాయి. మన కిట్‌లో ఆ గోడలు తీసేసి, ఒక చివర నుంచి ఇంకో చివరకు చిల్లుల గొట్టం బిగించి, చుట్టూ ఉన్ని కూరుతాం. పొగ సూటిగా పోతుంది. శబ్దం చిల్లుల్లోంచి ఉన్నిలోకి దూరి అక్కడ అణుగుతుంది. ఉన్ని పోయిందంటే మిగిలేది రేకు డబ్బా, దాని మోత.

నేను డబ్బు కట్టింది పొడవాటి పోగులున్న బసాల్ట్ ఉన్నికి, అంటే అగ్నిపర్వత శిలను కరిగించి తీసిన పోగులకి. సరుకు ఇచ్చేవారు ఆరేళ్లుగా ఒక్కరే. వచ్చిన ప్రతి చుట్ట అంచునూ కాస్త చించి గ్యాస్ మంటలో పెట్టి చూసేవాణ్ని. బసాల్ట్ ఎర్రగా కాలుతుంది, చల్లారాక మళ్లీ అదే పోగు. ఒక్క చుట్ట కూడా ఈ పరీక్షలో తప్పలేదు. కొనడానికి వచ్చినవాళ్ల ముందు కూడా కాల్చి చూపించి మురిసిపోయేవాణ్ని, మీలో చాలామంది చూశారు. ఫొటో వచ్చిన రాత్రి ఒక చుట్టను మొదలు నుంచి చివరిదాకా విప్పాను. పై మూడు వరసలు బసాల్ట్. ఆ లోపలంతా అదే రంగు అద్దిన పొట్టి గాజు పోగులు. మంటలో పెడితే ముడుచుకుని పూసలు కట్టాయి. సైలెన్సర్ దాకా వచ్చేసరికి పొగ మామూలుగా గాజును కరిగించేంత వేడిగా ఉండదు. అసలు కీడు పోగుల పొట్టితనంలో ఉంది: ఇంజను అదురుకు నలిగి, పొగ వేగానికి చిల్లుల్లోంచి కొంచెం కొంచెంగా బయటికి కొట్టుకుపోతాయి.

సరుకు ఇచ్చినాయనకు ఫోన్ చేసి అడిగితే, "ఇంతవరకూ ఎవరూ అనలేదే" అన్నారాయన. క్షమాపణ లేదు, సరుకు వెనక్కి తీసుకుంటామన్న మాట లేదు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన గుమ్మం మాత్రం మళ్లీ తొక్కను.

ఇక నా వంతు. పోయిన ఏడాది దాకా కిట్‌లో గొట్టానికి ముందుగా స్టెయిన్‌లెస్ స్టీలు పీచు ఒక పొర చుట్టి, దాని మీద ఉన్ని వేయమని చెప్పేవాణ్ని. పొగ తాకిడి ఉన్నికి నేరుగా తగలకుండా ఆపేది ఆ పొరే. ధర పెంచడం ఇష్టం లేక దాన్ని తీసేశాను. మంచి ఉన్ని ఉంటే చాలు, పీచు అదనం అనుకున్నాను. పోయిన ఆదివారం నా సొంత కారు సైలెన్సర్ కోసి చూశాను. అది పాత పద్ధతిలో పీచు చుట్టింది, నాలుగేళ్ల నాటిది. లోపల ఉన్ని నల్లబడింది కానీ చోటు కదల్లేదు. మోసం ఆయనదే, కానీ తలుపు తీసి పెట్టింది నేను.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, నవ్వుకోండి. 2400 ఆర్‌పీఎం దగ్గర కారు లోపల హోరు వస్తోందని ఒకరంటే, రెండు వారాలు లెక్కలు వేశాను. నాలుగు సిలిండర్ల ఇంజనుకు ఆ వేగంలో సెకనుకు 80 పేలుళ్లు. పొగ గొట్టానికి పక్కన ఒక చివర మూసిన గొట్టం అతికిస్తే ఆ హోరు అణుగుతుంది; అది ఎంత పొడవుండాలి? మామూలు గాలిలో శబ్దవేగంతో లెక్కిస్తే మీటరుకు కాస్త ఎక్కువ. 300 డిగ్రీల పొగలో శబ్దం సెకనుకు సుమారు 480 మీటర్లు పోతుంది కాబట్టి నిజానికి మీటరున్నర కావాలి. లెక్క సరైనదే. డబ్బాలో ఉన్ని ఉందో లేదో చూడాలని మాత్రం తట్టలేదు.

నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న వేరే. ఫోన్ చేసిన నలుగురికి మాత్రమే బాగు చేసి ఊరుకోవాలా, అందరికీ చెప్పాలా? ఉన్ని మార్చాలంటే మీరు కష్టపడి వేసిన అతుకును మళ్లీ గ్రైండర్‌తో కోయాలి. బాగానే నడుస్తోందనుకుంటున్న మనిషి దగ్గరికి వెళ్లి "కోయండి" అని ఎలా చెప్పడం? మా ఇంట్లో కూడా అడిగినవాళ్లకే ఇవ్వమన్నారు. పది రోజులు అటూ ఇటూ ఊగాను. చివరికి అందరికీ చెబుతున్నాను.

గొట్టం చివర చెక్కిన అంకె 7తో మొదలైతే అది ఆ సరుకే. అంకె కనబడకపోతే ఇంజను చల్లారాక డబ్బాను చెక్క సుత్తితో తట్టండి. నిండుగా ఉంటే మొద్దు చప్పుడు, ఖాళీ అయితే గంట మోత. కొత్త ఉన్ని, పీచు పొర, వెల్డింగ్ కడ్డీ ఉచితంగా పంపుతాను. కోసే ఓపిక లేకపోతే సైలెన్సర్ నాకు పంపండి, రవాణా ఖర్చు నాదే. ఇంట్లో విప్పేవాళ్లు మాస్కు, చేతి తొడుగులు మరవకండి, ఆ గాజు పొడి చర్మంలో దిగితే దురద వదలదు. కారుకు ఉండగానే వెల్డింగ్ చేయకండి, డబ్బాను విప్పి కింద పెట్టుకుని చేయండి. బిగించాక అతుకుల మీద సబ్బు నీళ్లు పోసి గాలి ఊది చూడండి. కారు లోపల పొగ వాసన వస్తే ఆ రోజు బండి తీయకండి. వాసన ఉన్న పొగలోనే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది.

ఇకపై పీచు పొర లేకుండా కిట్ అమ్మను. ధర పెరుగుతుంది, బేరం పెట్టుకోను. ఉన్ని కొత్తవారి దగ్గర కొంటున్నాను, ప్రతి చుట్టనూ నడిమి దాకా విప్పి కాల్చి చూస్తున్నాను. "ఇవన్నీ ఎందుకు, కంపెనీ డబ్బాకు డ్రిల్లుతో నాలుగు చిల్లులు పొడిస్తే పోదా" అని అడిగేవారికి జవాబు మారలేదు: పోదు. పొగ కారు కిందే చేరుతుంది, చిల్లుల అంచులు తుప్పు పడతాయి, వచ్చేది అరుపే. సైలెన్సర్ ఒక్కటి మారిస్తే పవర్ దూకుతుందని కూడా నేనెప్పుడూ అమ్మలేదు, ఇప్పుడూ అమ్మను. పెరిగితే ఏ కొంచెమో పెరుగుతుంది.

మొదటి పెట్టె ఆ ఫొటో పంపినాయనకు నిన్న వెళ్లింది. ఆయన ఇంకా ఫోన్ చేయలేదు.