తమ్ముడి సామాను జాబితా గురించి

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

నేను క్షేమం. విమానం నడిపే శిక్షణ సవ్యంగా సాగుతోంది. దాని గురించి ప్రత్యేకంగా రాయవలసినది ఏమీ లేదు. నాలాగే ఈ శిక్షణలో చేరబోతున్న తమ్ముడి కోసం ఎవరో రాసి ఇచ్చారంటూ మీరు పంపిన సామాను జాబితాను రెండుసార్లు చదివాను. వాడు ఒక్కసారైనా విమానం ఎక్కకముందే అవన్నీ కొనిపెట్టవద్దని నా మనవి. మొదటి కొన్ని వారాలు వాడికి నిజంగా కావలసినవి రేడియో వినడానికి, మాట్లాడడానికి చెవులకు పెట్టుకునే హెడ్‌సెట్, ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్, తొడకు కట్టుకుని రాసుకునే నీబోర్డు అనే పలక, మంచి చలువ కళ్లద్దాలు, ఇంధనం చూసే చిన్న గొట్టం. మిగిలినవి శిక్షకుడు అడిగిన రోజున కొనుక్కోవచ్చు.

హెడ్‌సెట్ దగ్గర మాత్రం పొదుపు వద్దు. మీరు పోయిన ఉత్తరంలో రెండో హెడ్‌సెట్ ఎందుకు కొన్నావని అడిగారు. దుబారా చేశాననుకున్నారేమో, కాదు నాన్నగారూ. మొదటిది ఎవరో వాడి వదిలేసినదాన్ని చవకగా వస్తోందని తీసుకున్నాను. చెవుల చుట్టూ ఉండే మెత్తలు గట్టిపడిపోయి, నా కళ్లజోడు కాడల దగ్గర సందు మిగిలి, ఆ సందులోంచి ఇంజిను మోత నేరుగా లోపలికి వచ్చేది. దిగిన తర్వాత కూడా సాయంత్రం దాకా చెవుల్లో గుయ్యిమనేది. నేల మీది నుంచి రేడియోలో విమానాలకు సూచనలిచ్చే కంట్రోలర్ చెప్పిన మాటను రెండోసారి అడగవలసి వచ్చినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేవాడిని.

వీటిలో రెండు రకాలున్నాయి. ఒకటి మందమైన డిప్పలతో, బిగుతైన పట్టుతో మోతను ఆపేది. దానికి బ్యాటరీ అక్కరలేదు, చాలా ఏళ్లు మన్నుతుంది, కానీ రెండు గంటలు గడిచేసరికి తలను పట్టకారుతో నొక్కినట్లుంటుంది. రెండోది ఏఎన్ఆర్ రకం, అంటే మోతను తానే తగ్గించేది. అది లోపలి మైకుతో మోతను పసిగట్టి, దానికి ఎదురు తరంగాన్ని పుట్టించి అణచివేస్తుంది. ఇంజిను హోరు వంటి మంద్రమైన ధ్వని మీద ఇది బాగా పనిచేస్తుంది. మంచి వాటిలో బ్యాటరీ దారిలో అయిపోయినా రేడియో మాట ఆగదు, హోరు మాత్రమే తిరిగి వస్తుంది. ఏ రకమైనా వాడు కళ్లజోడుతోనే పెట్టుకుని చూడాలి, కనీసం అరగంట పాటు. ఇంకొక మాట: మామూలు శిక్షణ విమానాల హెడ్‌సెట్లకు సన్నదొకటి, లావుదొకటి రెండు ప్లగ్గులుంటాయి, హెలికాప్టర్ల వాటికి సాధారణంగా ఒకటే ఉంటుంది. బడిలో ఏది ఉందో కనుక్కోకుండా ఆర్డరు పెట్టవద్దని చెప్పండి.

చలువ కళ్లద్దాలు పోలరైజ్డ్ రకం, అంటే తళుకును వడగట్టేవి, వద్దు. అవి వేసుకుని తల కొంచెం పక్కకు వంచితే కొన్ని డిజిటల్ తెరలు నల్లబడిపోతాయి. దూరాన ఎగిరే మరో విమానం మీద తళుక్కుమనే ఎండను కూడా అవి మింగేయగలవు. బూడిద రంగువైతే రంగులు మారకుండా కనబడతాయి. కాడలు సన్నగా ఉండాలి, కారణం పైన రాశాను.

అమ్మ భయపడుతోందని రాశారు. అమ్మకు ఈ ఒక్కటి చదివి వినిపించండి. బయలుదేరే ముందు ప్రతిసారీ రెక్కల కింది నుంచి కాస్త ఇంధనాన్ని ఆ పారదర్శకపు గొట్టంలోకి పట్టి, వెలుతురుకు ఎత్తి చూస్తాను. మేము వాడే 100ఎల్ఎల్ అనే విమాన పెట్రోలుకు లేత నీలం రంగు కలుపుతారు. నీరు చేరితే బరువుకు అడుగున బొట్లుగా నిలుస్తుంది. గొట్టమంతా నీరే నిండితే నీటికీ పెట్రోలుకూ మధ్యన గీత కనబడదు కాబట్టి గీత కోసమే కాక రంగు కోసం కూడా చూడాలని నా శిక్షకుడు మొదటి రోజే చెప్పాడు. జాబితాలో ఉన్న వాటన్నిటిలోకి చిన్నది అదే, నేను మరచిపోకుండా సంచిలో ముందు పెట్టుకునేదీ అదే.

టాబ్లెట్ కొనాలా అని తమ్ముడు అడుగుతున్నాడట. తర్వాత కొనవచ్చు. ఎండలో అద్దం దగ్గర పెట్టిన నాది వేడెక్కి, దారి మధ్యలో ఆరిపోయింది. ఆ రోజు 1:5,00,000 కాగితపు పటమే ఆదుకుంది. దాని మీద ఒక సెంటీమీటరు అంటే 5 కిలోమీటర్లు. 1930ల నాటి రూపకల్పన అయిన ఈ6బి అనే గుండ్రని లెక్కల పలక కూడా అలాంటిదే, ఛార్జింగు అడగదు. గాలిని బట్టి విమానం ముక్కును ఎటు తిప్పాలో, ఎంత ఇంధనం ఖర్చవుతుందో చేత్తో తిప్పి తేల్చుకోవచ్చు. పాఠాలు మొదలయ్యాక వాడికి నాదే పంపిస్తాను, కొనవద్దు.

నీబోర్డు చిన్నది చాలు, పెద్దదైతే విమానాన్ని నడిపే చేతి కంట్రోలుకు అడ్డం వస్తుంది. పెన్సిలును దారంతో దానికే కట్టుకోమనండి. నాది ఒకసారి జారి కాళ్లతో తొక్కే రడ్డర్ పెడల్ కిందికి దొర్లింది. తీయబోతే శిక్షకుడు నా చేయి పట్టుకుని, విమానాన్ని తాను తీసుకున్నాకనే వంగనిచ్చాడు.

రాత్రి ప్రయాణాల టార్చి, బయటి దృశ్యం కనబడకుండా కళ్లకు అడ్డుపెట్టుకునే హుడ్, చేతి రేడియో, అంత పెద్ద సంచీ ఇప్పుడు అనవసరం. సంచీ పెద్దదైతే మోసేది వాడే.

కొత్త హెడ్‌సెట్ వచ్చాక చెవుల హోరు పోయింది. ఫోనులో నేను ప్రతిదానికీ ‘ఆఁ?’ అంటున్నానని అమ్మ బెంగపెట్టుకుంది కదా, ఈ ఆదివారం ఫోను చేస్తాను. అరవకుండా మామూలుగానే మాట్లాడమనండి.

ఇట్లు,
మీ పెద్దవాడు