రథసప్తమికి వచ్చేముందు

నాన్నా,

ఆశీస్సులు. ఫోన్‌లో చెబితే "సరేలే అమ్మా" అనేసి ఊరుకుంటావని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

సంక్రాంతికి నీ కారులో అత్తయ్యా వాళ్ళతో కలిసి విశాఖ నుంచి వస్తున్నప్పుడు, రణస్థలం దాటాక ఒక మామ్మ కనిపించింది, గుర్తుందా? నెత్తి మీద కర్రల మోపుతో డివైడర్ దగ్గర నిలబడి, మనవైపు రెండుసార్లు చూసి అడుగు వేసింది. నువ్వు వేగం తగ్గించలేదు, హారన్ కొట్టావు. ఆవిడ ముందుకు రాబోయి, వెనక్కి తగ్గి, మళ్ళీ ముందుకు వచ్చేసరికి మోపు జారి రోడ్డు మీద పడింది. నువ్వు పక్కనుంచి తప్పించి తీసుకొచ్చేశావు. "ఏటమ్మా, చూసుకుని దాటాలి కదా" అన్నావు. చుట్టాలున్నారని అప్పుడు నోరు మెదపలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆవిడ చూసుకునే దాటింది, బాబూ. లెక్క వేసి చూడు. అక్కడ ఒక్కో వైపు మూడు లేన్లు. లేను మూడున్నర మీటర్లనుకుంటే పదిన్నర మీటర్లు. బరువుతో నడిచే ముసలావిడ సెకనుకు ఒక మీటరు నడవడమే ఎక్కువ. అంటే కనీసం పది సెకన్లు రోడ్డు మీదే ఉండాలి. 80లో వచ్చే కారు సెకనుకు 22 మీటర్లు వస్తుంది. ఆవిడ క్షేమంగా అవతలికి చేరాలంటే, అడుగు వేసే సమయానికి నీ కారు 230 మీటర్ల అవతల ఉండాలి. నువ్వు వందలో వస్తే దాదాపు 290 మీటర్లు. అంత దూరంలో ఉన్న కారు ఎంత వేగంతో వస్తోందో, కళ్ళకు శుక్లాలు వచ్చిన మనిషి ఎలా పోల్చుకుంటుంది? మనలాంటి వాళ్ళం కూడా పోల్చుకోలేం.

నేను పన్నెండేళ్ళుగా ఆ హైవే దాటి బడికి వెళ్తున్నాను. పిల్లల చేతులు పట్టుకుని డివైడర్ మీద నిలబడిన రోజులు లెక్కలేనన్ని. అందుకే స్టీరింగ్ పట్టని నేను ఇంత ధైర్యంగా చెబుతున్నాను. హారన్ వినగానే కాళ్ళు తడబడతాయి. ముందుకా వెనక్కా అన్నది ఆ క్షణంలో తోచదు. నువ్వు దూరం నుంచే వేగం తగ్గిస్తే చాలు, దాటే మనిషికి అది తెలిసిపోతుంది. కాళ్ళు వాటంతట అవే సరిగ్గా పడతాయి.

2022లో మన దేశంలో రోడ్డు మీద నడుస్తూ చనిపోయినవాళ్ళు 32,825 మంది. కేంద్ర రవాణా శాఖ లెక్క ఇది. రోజుకు 90 మంది. మా బడిలో ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి కలిపితే అంతమంది పిల్లలు. ఆ అంకె చదివిన మర్నాడు హాజరు తీసుకుంటుంటే నా గొంతు పెగల్లేదు.

వేగం కొంచెం పెరిగితే ఏమవుతుందిలే అనుకోకు. కారు వేగం గంటకు 50 కిలోమీటర్ల నుంచి 65కి వెళ్ళేసరికే, అది గుద్దినప్పుడు నడిచే మనిషి చనిపోయే అవకాశం నాలుగున్నర రెట్లు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊరు దగ్గరపడ్డాక నీకు ఆ పదిహేనుతో కలిసొచ్చేది ఒకటో రెండో నిమిషాలు.

నీ దారి నాకు తెలుసు. పైడిభీమవరంలో ఫార్మా కంపెనీల షిఫ్టు వదిలే వేళకి సైకిళ్ళు, నడిచేవాళ్ళు ఒక్కసారిగా రోడ్డెక్కుతారు. సైకిలు మనిషి గుంత తప్పించడానికి చెప్పకుండా పక్కకు వస్తాడు, కాబట్టి కనీసం ఒకటిన్నర మీటర్లు వదిలి దాటు. ఖాళీ లేకపోతే వెనకే ఉండు. ఆగిన బస్సునో ఆటోనో దాటేటప్పుడు, దాని ముందునుంచి ఒక పిల్లాడు పరిగెత్తుకొస్తాడనే అనుకో. పక్క లేనులో కారు ఆగితే ఎందుకు ఆగిందో చూడకుండా ముందుకు పోకు, దాని అవతల ఎవరో దాటుతూ ఉంటారు. జీబ్రా గీతల దగ్గర నడిచేవాళ్ళకే ముందు దారి ఇవ్వాలని 2017 డ్రైవింగ్ నిబంధనల్లో ఉంది. మన వైపు ఆ గీతలు చాలాచోట్ల చెరిగిపోయాయి. అయినా మనిషి కనిపిస్తున్నాడు కదా.

గొర్రెల మంద ఎదురైతే ఇంజన్ ఆపేసి కూర్చో. కాపరికి తెలుసు ఎలా తోలుకెళ్ళాలో.

రాత్రి ఎదురుగా హైబీమ్ వేసుకుని బండి వస్తే, రెండు లైట్ల మధ్య నడిచే మనిషి అసలు కనబడడు. అది మీ తాత విషయంలో చూశాను. చీకటి పడ్డాక సైకిలు మీద పొలం నుంచి వస్తుంటే ఒక కుర్రాడు మోటారు సైకిలుతో గుద్దేశాడు. లైట్ల వెలుగులో కనబడలేదని ఏడ్చాడు ఆ పిల్లాడు. అబద్ధం చెప్పాడని నేననుకోను. తాత బతికాడు కానీ, ఆ తరువాత చేను గట్టు ఎక్కలేకపోయాడు. కళ్ళకు వెలుగు కొట్టి ముందు కనబడనప్పుడు ఎవరూ లేరని కాదు, బాబూ. అప్పుడు వేగం తగ్గించాలి.

ఇంకొకటి. కారు దిగేటప్పుడు తలుపు ఎడమ చేత్తో తియ్యి. అప్పుడు ఒళ్ళు దానంతట అదే వెనక్కి తిరుగుతుంది, వెనక వచ్చే సైకిలు కనిపిస్తుంది.

రథసప్తమికి వస్తానన్నావు. ముందురోజు రాత్రి నుంచే అరసవల్లి దారి జనంతో నిండిపోతుంది. చంకలో పిల్లలతో, కర్ర ఊతంతో నడిచేవాళ్ళే ఎక్కువ. కారు ఇంటి దగ్గరే పెట్టు. శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ నుంచి గుడికి నువ్వూ నేనూ నడిచి వెళ్దాం.

రాత్రి బయలుదేరకు. పొగమంచు విడిచాకే రా. ఆలస్యమైతే అమ్మ తినకుండా కూర్చుంటుందని తొందరపడకు, నేను తినేస్తాను. ఇన్నాళ్ళూ "ఎక్కడున్నావు" అని దారిలో నాలుగుసార్లు ఫోన్ చేసేదాన్ని, అది నా తప్పు. ఈసారి బయలుదేరే ముందు ఒక్క మెసేజ్ పెట్టు. నువ్వు గుమ్మంలోకి వచ్చేదాకా నేను ఫోన్ చెయ్యను.

అమ్మ