నొవెల్లారా గురుద్వారాకు, పాజీ కుటుంబానికి కృతజ్ఞతలు

పేర్లు రాయవద్దన్నారు, అందుకే పాజీ (పంజాబీలో అన్న), బీజీ (అమ్మ) అనే రాస్తున్నాను.

సెప్టెంబరులో చదువుకోవడానికి ఇటలీలోని పార్మాకు వచ్చాను. గదికి అడ్వాన్సు నిజామాబాద్ నుంచే పంపాను. తీరా రెండు పెట్టెలతో ఆ చిరునామాకు వెళ్తే గదీ లేదు, ఇస్తానన్న మనిషీ లేడు. ఆ రాత్రి స్టేషన్‌లోనే గడిపాను. ఇంటికి ఫోను చేసి గది చాలా బాగుందని చెప్పాను. (అమ్మా, క్షమించు.)

మర్నాడు ఆదివారం. తోటి విద్యార్థి సలహాతో నొవెల్లారా అనే ఊరు చేరాను. అక్కడి గురుద్వారాను 2000లో ప్రారంభించింది అప్పటి ఐరోపా కమిషన్ అధ్యక్షుడు రొమానో ప్రోది అని తర్వాత తెలిసింది. అప్పుడు నాకు కనిపించింది లంగరు (అందరికీ ఉచితంగా పెట్టే భోజనం) ఒక్కటే. తలకు రుమాలు కట్టుకుని పంక్తిలో కూర్చున్నాను. రెండు చేతులూ చాపమని, వేడి రొట్టె పెట్టారు.

వడ్డిస్తున్న పెద్దాయన ఏ ఊరని అడిగారు. ఆయనే పాజీ. నిజామాబాద్ అంటే తెలియలేదు. "నాందేడ్ దగ్గర" అనగానే పప్పు గరిటె గాలిలో ఆగింది. "హజూర్ సాహిబ్!" అన్నారు. గురు గోబింద్ సింగ్ 1708లో కన్నుమూసిన చోటు అది. ఆ ఒక్క మాటతో నేను ఆయన ఊరివాణ్ణయిపోయాను. నాందేడ్ మాకు వంద కిలోమీటర్ల పైమాటే, ఆ సంగతి మాత్రం చెప్పలేదు.

వాళ్లింట్లో 24 రోజులున్నాను. పాజీ పాడి ఫారంలో పని చేస్తారు. ఇక్కడి పార్మిజాన్ చీజ్ ఒక్క గుండ్రటి దిమ్మకు సుమారు 550 లీటర్ల పాలు కావాలి. ఆవులకు ఆదివారాలుండవు, పాలు రెండు పూటలా పితకాల్సిందే. ఈ ప్రాంతంలో ఆ పని చేసేవాళ్లలో పంజాబీలు చాలామంది. పాజీ తెల్లవారుజామున మూడింటికి లేచి వెళ్లేవారు. మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకున్నా పాల వాసన ఆయనను వదిలేది కాదు.

పరాయి దేశస్థుణ్ణి ఇంట్లో పెట్టుకుంటే 48 గంటల్లో పోలీసులకు తెలియజేయాలి. నేనేమో దిగిన 8 పనిదినాల్లో నివాస అనుమతికి దరఖాస్తు చేసుకోవాలి. పాజీ ఫారం నుంచి వచ్చి, పడుకోకుండా ఈ రెండు పనులకూ నాతో వరుసలో నిలబడ్డారు. కృపాణంతో (సిక్కులు మతాచారంగా ధరించే కత్తి) బయట తిరిగిన ఒక సిక్కుకు పడిన జరిమానాను 2017లో ఇక్కడి అత్యున్నత న్యాయస్థానం సమర్థించిందని ఆ వరుసలోనే చెప్పారు. గొంతులో కోపం లేదు. నాకే వచ్చింది.

బీజీ రొట్టెల మనిషి. అయినా నా ముఖం చూసి వారానికి రెండు రోజులు అన్నం వండారు. గంజి వార్చడం నేను నేర్పాను, రొట్టె గుండ్రంగా ఒత్తడం నాకు ఇంకా రాలేదు. వెళ్లేటప్పుడు డబ్బు ఇవ్వబోతే పాజీ చెయ్యి వెనక్కి నెట్టి, ఆదివారాల్లో వచ్చి గిన్నెలు కడగమన్నారు. కడుగుతున్నాను.

పాజీ, బీజీ, నన్ను ఎవరని అడగకుండా కూర్చోబెట్టిన సంగత్‌కు (గురుద్వారా భక్తులందరికీ) చేతులెత్తి నమస్కారం. ఏప్రిల్‌లో వైశాఖి పండుగకు బీజీకి పులిహోర చేసిపెడతానని మాటిచ్చాను. అమ్మా, మన చెట్టు చింతపండు పంపు.