ఒంగోలు జాతికి ఒక ప్రదర్శనశాల కట్టించండి: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది ప్రకాశం జిల్లా, ఎడ్లు ఉన్న ఇల్లు. ఉద్యోగరీత్యా అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్ర రాజధాని రాలీ దగ్గర ఉంటున్నాను. స్ట్రక్చరల్ ఇంజినీరుని. ఒంగోలు జాతి పశువుల పోటీల కోసం ఆ జాతి పుట్టిన గడ్డ మీద ఒక శాశ్వత ప్రదర్శనశాల కట్టించమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. నేను కోరేది మామూలు రేకుల షెడ్డు కాదు. పశువుల కోసం కట్టిన ఒక శాల ప్రపంచమంతా ఇంజినీర్లు చదువుకునే కట్టడం ఎలా అయిందో ముందు చెబుతాను. ఆ కథలో మన దేశానికీ చోటుంది, ఒక విషాదం రూపంలో.

రాలీలో ఏటా అక్టోబరులో స్టేట్ ఫెయిర్ జరుగుతుంది. 1853లో రాష్ట్ర వ్యవసాయ సంఘం మొదలుపెట్టిన తిరునాళ్ళ అది. యుద్ధాల వల్ల కొన్నేళ్ళు ఆగినా మళ్ళీ మొదలైంది. 1928 నుంచి ఇప్పుడున్న మైదానంలో జరుగుతోంది. పల్లెల నుంచి రైతులు ఆవులు, పందులు, మేకలు, కోళ్ళు, గుమ్మడికాయలు, ఇంట్లో పెట్టిన పచ్చళ్ళు, కుట్టిన బొంతలు తెచ్చి పోటీకి పెడతారు. రంకులరాట్నాలు, తినుబండారాలు సరేసరి. నడిపేది రాష్ట్ర వ్యవసాయ శాఖ.

1937లో ఈ ఫెయిర్‌కి మేనేజరుగా వచ్చినాయన డాక్టర్ జె. ఎస్. డార్టన్. షెల్బీ అనే చిన్న ఊరి పశువుల డాక్టరు. అంతకుముందే తన కౌంటీలో వ్యవసాయ ప్రదర్శన నడిపిన అనుభవం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆయనకో పట్టుదల కలిగింది: పశువులకి మార్కులు వేసే శాల ఈ మైదానంలో ఉండాలి, అది దేశంలో ఇంకెక్కడా లేనట్టుండాలి. ఆ పని రాలీలోని విలియం హెన్లీ డీట్రిక్ అనే ఆర్కిటెక్టు దగ్గరికి వెళ్ళింది. డీట్రిక్ దానిలోకి మాచే నోవిట్స్కీని తీసుకొచ్చారు.

నోవిట్స్కీ పోలండ్ దేశస్థుడు, 1910లో పుట్టారు. యుద్ధంలో నేలమట్టమైన వార్సాను చూసి అమెరికా వచ్చిన మనిషి. 1948 నుంచి రాలీలోని స్టేట్ కాలేజీలో కొత్తగా పెట్టిన డిజైన్ స్కూల్లో ఆర్కిటెక్చర్ విభాగానికి అధిపతి. పశువుల శాలే కదా అని ఆయన చులకనగా చూడలేదు. పశువు మధ్యలో నిలబడుతుంది, జనం రెండు పక్కలా కూర్చుంటారు, ఎవరికీ స్తంభం అడ్డు రాకూడదు, పగటి వెలుతురు పుష్కలంగా రావాలి. ఈ నాలుగు అవసరాల్లోంచే ఆకారం తీశారు.

మంత్రి గారూ, ఆ కట్టడం నిలబడే తీరు కాస్త వివరంగా చెప్పనివ్వండి. నా వృత్తి ఇదే, దీని గురించి చెప్పడం మొదలుపెడితే నాకు విసుగు రాదు.

రెండు భారీ కాంక్రీటు కమానులు. నిటారుగా కాదు, రెండూ చెరోవైపుకి బాగా వాలి ఉంటాయి. ఒకటి ఇటు పడిపోతోందా, ఒకటి అటు పడిపోతోందా అన్నట్టుంటాయి. వాటి శిఖరాలు సుమారు 90 అడుగుల ఎత్తు. రెండు చివర్లా నేలకి దగ్గరగా ఒకదాన్నొకటి దాటుకుని భూమిలోకి దిగుతాయి. ఆ దాటుకున్న చోటే ద్వారం. ఈ కమానుల మధ్య ఉక్కు తీగల వల కట్టి, దాని మీద పల్చటి కప్పు పరిచారు. వాలిన కమాను బయటికి పడిపోవాలని చూస్తుంది, తీగలు దాన్ని లోపలికి లాగి పడతాయి. కమాను బరువే తీగల్ని బిగువుగా ఉంచుతుంది. మన నులక మంచంలో పట్టెలు నులకని ఎలా సాగదీసి ఉంచుతాయో ఇక్కడా అంతే. మంచంలాగే మధ్యలో కొద్దిగా పల్లంగానూ ఉంటుంది.

ఆ పల్లం అలంకారానికి పెట్టింది కాదు. కింద బరిలో ఆవు, దూడ, మనుషులు తప్ప ఇంకేం ఉండవు కాబట్టి నడిమధ్యలో ఎక్కువ ఎత్తు అక్కర్లేదు. ఎత్తు కావలసింది మెట్లమెట్లుగా పైకి వెళ్ళే కుర్చీల మీద. కమానుల శిఖరాలు సరిగ్గా అక్కడికే వస్తాయి. కమాను అంచు కింద వరసగా సన్నటి ఉక్కు స్తంభాలు దాని బరువులో కొంత మోస్తాయి, వాటి మధ్యంతా అద్దాలు. లోపల మాత్రం ఒక్క స్తంభం లేదు. పై వరసలో కూర్చున్నా బరి మొత్తం కనబడుతుంది.

జనానికి కనబడని భాగం భూమి లోపల ఉంది. కమానుల కాళ్ళు పక్కలకి జారిపోకుండా రెండు చివర్లనీ నేల కింద సొరంగంలో ఉక్కు తీగలతో బిగించారు. ఇంకో చిక్కు గాలి. ఇంత తేలిక కప్పు గాలికి ఎగిరి ఎగిరి పడుతుంది. అందుకని కప్పు నుంచి అంచు స్తంభాలకి స్ప్రింగులున్న తీగలు కట్టి అదుపు చేశారు. ఈ లెక్కలన్నీ వేసింది న్యూయార్క్ ఇంజినీరు ఫ్రెడ్ సెవరుడ్. అప్పటికి ఇలాంటి తీగల కప్పుని ఇంత పెద్ద శాశ్వత భవనానికి వేసిన అనుభవం ఎవరికీ లేదు. కంప్యూటర్లు లేని రోజుల్లో పెన్సిలుతో, స్లయిడ్ రూలుతో తేల్చిన లెక్కలవి. ఆ భవనం పక్కన నిలబడ్డ ప్రతిసారీ నాకు ముందు గుర్తొచ్చేది ఈ సంగతే.

నోవిట్స్కీ మాత్రం దాన్ని చూడలేదు. దేశ విభజనతో లాహోరు పాకిస్తానుకి పోయింది. పంజాబుకి కొత్త రాజధాని కావలసి వచ్చింది. ఆ చండీగఢ్ పనిని భారత ప్రభుత్వం మొదట అమెరికన్ ప్లానరు ఆల్బర్ట్ మేయర్‌కి అప్పగించింది, భవనాల రూపకల్పనకి ఆయనతో కలిసింది నోవిట్స్కీ. 1950లో ఇండియా వచ్చి పని చేసి తిరిగి వెళ్తుండగా, ఆగస్టు 31న ఈజిప్టులో విమానం కూలిపోయింది. అప్పటికి ఆయన వయసు 40. ఆయన పోయాకే చండీగఢ్ పని ఫ్రాన్సులో స్థిరపడ్డ ఆర్కిటెక్టు లె కార్బూజియే చేతికి వెళ్ళింది. రాలీలో డీట్రిక్, సెవరుడ్ కలిసి ఆయన గీసిన బొమ్మని వదలకుండా పూర్తి చేశారు. 1952లో శాల తెరుచుకుంది. మన దేశం కోసం పని చేసి వెళ్తూ చనిపోయిన మనిషి కట్టడం మా ఇంటికి కారులో కాసేపటి దూరంలో ఉంది. ఇక్కడ వేలమంది తెలుగువాళ్ళం ఉన్నాం. ఈ సంగతి తెలిసినవాళ్ళు నాకు చాలా తక్కువమంది తగిలారు.

1953లో అమెరికన్ ఆర్కిటెక్టుల సంస్థ దానికి మొదటి శ్రేణి గౌరవ పురస్కారం ఇచ్చింది. దాని నక్షాలు సెవరుడ్ ఆఫీసులో చూసిన జర్మన్ విద్యార్థి ఫ్రై ఒట్టో ఊరికి తిరిగెళ్ళి వేలాడే కప్పుల మీదే డాక్టరేటు చేశారు. మ్యూనిక్ ఒలింపిక్స్ మైదానం కప్పు వెనక ఆయన చెయ్యుంది. 1961లో డార్టన్ చనిపోయారు, ఆ ఏడే శాలకి ఆయన పేరు పెట్టి డార్టన్ అరీనా అన్నారు. ఒక పశువుల డాక్టరు పేరు! 1973లో దాన్ని దేశపు చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చారు. 2002లో సివిల్ ఇంజినీర్ల సంఘం చారిత్రక కట్టడంగా గుర్తించింది. ఇప్పుడక్కడ కచేరీలు, రకరకాల ప్రదర్శనలు జరుగుతాయి. పశువుల పోటీలు చాలావరకు పక్క భవనాల్లోకి మారాయి. అది నాకు కొంచెం బాధే. కానీ పశువు కోసమని కట్టిన శాల 70 ఏళ్ళు దాటినా రాష్ట్రానికి పనికొస్తూనే ఉంది.

ఇక మన సంగతి. ఒంగోలు జాతి గొప్పతనం మీకు నేను చెప్పక్కర్లేదు. ఇక్కడి నుంచి ఓడలెక్కి వెళ్ళిన పశువుల సంతతి ఇవాళ బ్రెజిల్ మాంసపు మందలో అధిక భాగం. అక్కడ వాటిని నెలోర్ అంటారు. వయాటినా-19 అనే నెలోర్ ఆవుకి 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టడం పేపర్లలో మీరూ చదివే ఉంటారు. బ్రెజిల్‌లోనే ఉబెరాబా అనే ఊళ్ళో మన దేశం నుంచి వెళ్ళిన జాతుల కోసమే ఒక శాశ్వత ప్రదర్శన మైదానం ఉంది. అక్కడ ఏటా జరిగే ఎక్స్‌పోజెబూ అనే పశు ప్రదర్శనకి దేశదేశాల రైతులు వస్తారు.

నేను పెరిగిన పల్లెల్లో పోటీలంటే కోతలైపోయిన చేనో, తిరునాళ్ళ మైదానమో. పాలపళ్ళ (ఇంకా పాలపళ్ళు రాలని కోడెల) విభాగం నుంచి సీనియర్స్ దాకా బండలాగుడు పోటీలు, పాల పోటీలు, అందాల పోటీలు. రైతు అప్పు చేసైనా కోడెకి ఉలవలు పెట్టి మేపి, లారీ మాట్లాడుకుని తెస్తాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో తెల్లటి ఒంటి మీద వెలుగు కొట్టి జడ్జీకి మూపురం వంపు సరిగ్గా కనబడదు. గంగడోలు మడతలు నీడలో కలిసిపోతాయి. షామియానా గుడ్డ గాలికి టపటపలాడితే గిత్త బెదిరి పలుపు తెంపుకోబోతుంది. ముకుతాడు పట్టుకున్న కుర్రాడి అరచేతులు ఒరుసుకుపోతాయి. వాన పడితే ఆ ఏటికి పోటీ అయిపోయినట్టే. దీన్ని మన సంప్రదాయం అని సరిపెట్టుకోవడం నాకు నచ్చదు. పశువుకీ రైతుకీ నీడ దొరికినంత మాత్రాన సంప్రదాయానికి వచ్చే లోటేమీ లేదు.

నా విన్నపం ఇది. నాగులుప్పలపాడు దగ్గర చదలవాడ పశుక్షేత్రం ఒంగోలు జాతి కోసమే ఉంది. ఆ ఆవరణలో గానీ, రైతులకి అంతకన్నా అనువైన చోటు ఉంటే అక్కడ గానీ ఈ శాల కట్టించండి. టెండరు పిలిచే ముందు పోటీలు నడిపే రైతుల్ని, గుంటూరు దగ్గరి లాం ఫారం పశు పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తల్ని, ఒక మంచి స్ట్రక్చరల్ ఇంజినీరుని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ విద్యార్థులకి డిజైన్ పోటీ పెట్టండి. చదువుకునే పిల్లలకి ఇంతకన్నా మంచి సమస్య దొరకదు.

డార్టన్ అరీనాకి నకలు మాత్రం కట్టొద్దు. అద్దాల గోడలు ప్రకాశం జిల్లా ఎండకి శాలని పొయ్యి చేస్తాయి. మనకి చుట్టూ తెరిచి ఉన్న శాల కావాలి, చూరు బాగా బయటికి దిగాలి. మన తీరానికి తుపాన్లు కొత్త కాదు కాబట్టి తేలిక కప్పు వేస్తే గాలి పైకి లాగే బలం లెక్క ముందు తేలాలి. బరిలో నున్నటి కాంక్రీటు వద్దు, గిట్ట జారుతుంది. మట్టి, దాని మీద ఇసుక చాలు. లారీ నుంచి పశువు నేరుగా దిగడానికి వాలు దిమ్మె, నీళ్ళ తొట్లు, పేడ కడిగిన నీళ్ళు పోయే కాలువ, డాక్టరుకి ఒక గది ఉండాలి. మైకు పెట్టెలు పశువుల చెవుల దగ్గర పెట్టకుండా ముందే చోటు చూడాలి. గొప్ప కమానులు లేకపోయినా పరవాలేదు, వీటిలో ఒక్కటీ తగ్గకూడదు.

మన ఇంజినీర్లకి చేతకాదని ఎవరైనా అంటే నమ్మకండి. 1972లో ఢిల్లీ ప్రగతి మైదానంలో ఆర్కిటెక్టు రాజ్ రేవల్, ఇంజినీరు మహేంద్ర రాజ్ కలిసి హాల్ ఆఫ్ నేషన్స్ కట్టారు. ఉక్కు ఖరీదైందని అంత పెద్ద చట్రాన్నీ కాంక్రీటుతోనే నిలబెట్టారు. మహేంద్ర రాజ్ కుర్రతనంలో పని నేర్చింది చండీగఢ్‌లోనే. ఆ హాలుని 2017 ఏప్రిల్‌లో కూల్చేశారు. ఆ వార్త చదివిన రోజు ఆఫీసులో పని సాగలేదు నాకు. అందుకే ఇంకో మాట కలుపుతున్నాను. శాల నిర్వహణకి ఏటా విడిగా నిధి రాసిపెట్టండి, పోటీలు లేని నెలల్లో విత్తనాల ప్రదర్శనలకీ రైతు శిక్షణకీ పెళ్ళిళ్ళకీ అద్దెకివ్వండి. వాడకంలో ఉన్న భవనం మీద చెయ్యి వెయ్యడానికి ఎవరైనా వెనకాడతారు.

పేరు విషయంలోనూ ఒక కోరిక ఉంది. ఒంగోలు జాతి కోసం జీవితం ధారపోసిన పశువైద్యుడి పేరో, రైతు పేరో పెట్టండి. ఎవరన్నది అక్కడి రైతులే చెబుతారు.

డిజైను దశలో లెక్కలు సరిచూడటానికి రూపాయి తీసుకోకుండా పని చేస్తాను. ఇక్కడ నాతో పనిచేసే ఇద్దరు ముగ్గురు తెలుగు ఇంజినీర్లు కూడా వస్తామన్నారు. సంక్రాంతికి ఊరొస్తున్నాను. మీ శాఖ నుంచి కబురొస్తే చదలవాడలో స్థలం చూడటానికి కనుమ మర్నాడే సిద్ధంగా ఉంటాను.

ఇట్లు,
భవదీయుడు,
ప్రకాశం జిల్లా రైతుబిడ్డ, స్ట్రక్చరల్ ఇంజినీరు
రాలీ, నార్త్ కరోలినా