వార్షిక నివేదిక 2024–25: కార్యదర్శి నుంచి సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం.

లిఫ్టుల మరమ్మతు పూర్తయింది. ఇంకుడు గుంతల్లో పూడిక తీయించాం. ఎండాకాలంలో ట్యాంకర్ల గొడవ ఎప్పటిలాగే ఉంది. లెక్కలన్నీ కోశాధికారి పత్రంలో చూడొచ్చు. ఎక్కువమంది అడిగింది బి బ్లాకు తేనెటీగల సంగతే కాబట్టి అది కాస్త వివరంగా రాస్తున్నాను.

ఏప్రిల్‌లో కానుగలు పూతమీదున్నప్పుడు మీటర్ల గది పక్క డక్టులోకి ఈగలు రాకపోకలు సాగించడం వాచ్‌మన్ చూశాడు. పిల్లలు తిరిగే చోటు, స్ప్రే కొట్టించమని కొందరు పట్టుబట్టారు. వాళ్ల టెన్షన్ వాళ్లది. కానీ మందు కొడితే ఈగలు చస్తాయే గానీ తేనెపట్టు గోడలోనే ఉండిపోతుంది. కనిపెట్టుకునే ఈగలు లేక తేనె కారుతుంది, లోపలి పిల్లపురుగులు కుళ్లి కంపు కొడతాయి, వెనకే చీమల బారులు. కమిటీ ఒప్పుకోలేదు. తేనెటీగలు పెంచే ఆయన్ని పిలిపించాం.

ఆయన టార్చి వేసి చూసి, పట్లు పక్కపక్కన వరసగా ఉన్నాయి కాబట్టి ఇది పుట్టతేనె ఈగ, పెట్టెలో పెంచుకోవచ్చు అన్నాడు. శాస్త్రవేత్తలు ఏపిస్ సెరానా అనేది దీన్నే. సాయంత్రం కొబ్బరిపీచు పొగ పెట్టాడు. పొగ తగిలితే ఈగలు తేనె తాగి నెమ్మదిస్తాయట. పట్లు ఒక్కొక్కటే చాకుతో కోసి, గుడ్లూ పిల్లలూ ఉన్నవాటిని తలకిందులు కాకుండా చెక్క చట్రాలకు అరటినారతో కట్టాడు. పొడవాటి పొట్ట ఉన్న రాణి దొరికాక చిన్న పంజరంలో ఉంచి పెట్టెలో పెట్టాడు. కాసేపటికి కొన్ని కూలి ఈగలు పెట్టె గుమ్మం దగ్గర తోకలు పైకెత్తి రెక్కలాడించాయి. అవి వదిలే వాసన పట్టుకుని మిగతావి గోడ మీదుగా నడుచుకుంటూ లోపలికి వెళ్లాయి. స్ప్రే అడిగినవాళ్లే దగ్గరకొచ్చి వీడియోలు తీశారు!

మేతకెళ్లినవి తిరిగొచ్చేలా చీకటిపడేదాకా పెట్టెను కదపలేదు. దగ్గర్లో పెడితే పాత గూటికే వచ్చేస్తాయి కాబట్టి మన మియాపూర్ నుంచి శంకర్‌పల్లి వైపు ఒక తోటకు తీసుకెళ్లాడు. తేనె ఏమైందని అడిగినవాళ్లకు: కొత్త చోట కుదురుకునేదాకా వాటికే మేతగా పెడతానని పట్టుకెళ్లాడు. పాత మైనం వాసనకు ఇంకో గుంపు దిగకుండా డక్టు గోడ గీకించి, సున్నం వేయించి, సన్నకళ్ల జాలీ బిగించాం. మిగతా బ్లాకుల డక్టులకూ జాలీలు వేయించాలని ప్రతిపాదిస్తున్నాం.

దసరా తర్వాత ఎ బ్లాకు ట్యాంకు కింద వేలాడిన పెద్ద పట్టు వేరే జాతిది, కొండ తేనెటీగ. ఆరుబయట ఒకే పట్టు కట్టే ఈ ఈగ పెట్టెలో నిలవదు, రేగితే గుంపుగా వెంటపడుతుంది. రాత్రిపూట కాగడాతో కాల్చేద్దామన్న సలహా కూడా వచ్చింది, ఎవరిదో రాయను. పూతలు అయిపోయాక అదే వలసపోతుంది. అప్పటిదాకా టెర్రస్‌కు తాళం ఉంటుంది, ఆ వైపు ఫ్లడ్‌లైటు వేయం, ఎందుకంటే రాత్రి వెలుతురుకు ఈగలు దిగొస్తాయి. ఎవరినైనా కుడితే ముల్లు వెంటనే గీకి తీసేయండి. ఊపిరాడకపోయినా ముఖం వాచినా 108కి ఫోన్ చేయండి. కేబుల్, డిష్ పనివాళ్లను పంపేముందు టెర్రస్ తాళం కోసం వాచ్‌మన్‌ను కాదు, కమిటీని అడగండి.