సొంత పొలానికి కౌలు లెక్కేదీ?

వరికి పెట్టుబడిపై ఒకటిన్నర రెట్లు మద్దతు ధర ఇస్తున్నామంటున్న కేంద్రం, రైతు సొంత భూమిని మాత్రం ఉచితం కింద జమకడుతోంది. 2025-26 ఖరీఫ్‌లో సాధారణ రకం ధాన్యానికి క్వింటాలుకు ప్రకటించిన రూ.2,369కి ఆధారం ‘ఏ2+ఎఫ్‌ఎల్‌’ ఖర్చు. అందులో విత్తనాలు, ఎరువులు, కూలి, ఇంటిల్లిపాది కష్టం ఉంటాయి. కౌలుదారు కట్టే కౌలు సైతం ఎక్కుతుంది. సొంత పొలం కౌలు, స్థిర పెట్టుబడిపై వడ్డీ ఉండవు. అవి ‘సీ2’ అనే సమగ్ర ఖర్చు లెక్కలోనే కనిపిస్తాయి. మా ఊరి రైతులదీ ఇదే తీరు. ట్రాక్టరు బాడుగ నుంచి పురుగుమందు డబ్బా దాకా అణాపైసలతో రాసుకుని, ఎకరాకు పది పన్నెండు వేలు మిగిలాయని సంబరపడతారు. అదే చేను కౌలుకిస్తే చేతికి బురద అంటకుండా అంతకంటే ఎక్కువే ముట్టేదన్నది ఆ పుస్తకంలో ఉండదు. ఇలా వదులుకున్న రాబడినే అవకాశ వ్యయమంటారు. ఇంటర్‌ పిల్లలు మార్కుల కోసం బట్టీ పట్టేది దాన్నే, ఇంట్లో నాన్నకు చెబితే కదా! ధర ప్రకటించేటప్పుడు ఏ2+ఎఫ్‌ఎల్‌, సీ2 రెండింటినీ పక్కపక్కనే చూపాలి. విత్తనాలు వేయకముందే ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రాలు, తెలంగాణలో రైతు వేదికలు ఆ మండలంలో నడుస్తున్న కౌలుతో కలిపి వరి, మొక్కజొన్న, అపరాల ఖర్చులను గోడపై రాయాలి.