గేర్‌బాక్స్ అసెంబ్లీ: శనివారంలోపు లింకులు చూసుకోండి

అందరికీ నమస్కారం,

శనివారం సాయంత్రం 6 గంటలకు డ్రాయింగులు ఫ్రీజ్ చేస్తున్నాం, అంటే ఆ తర్వాత మార్పులుండవు. ఆలోపు ప్రతి ఒక్కరూ తమ పార్టుల్లో బయటి లింకులు (వేరే పార్టు జ్యామితి మీద ఆధారపడిన చోట్లు) చూసుకోవాలి.

ఎందుకంటే నిన్న మోటార్ ప్లేట్ రంధ్రాలు 3 మి.మీ. జరిపాం, కవర్ రంధ్రాలు మాత్రం కదల్లేదు. కారణం వెతకడానికి రెండు గంటలు పట్టింది. కవర్ స్కెచ్ లింక్ ఎవరో లాక్ చేసి (అప్‌డేట్ కాకుండా ఆపి) ఉంచారు. తప్పేం కాదు, కానీ గ్రూప్‌లో ఒక్క మాట చెప్పండి.

మన డిజైన్ సాఫ్ట్‌వేర్ సాలిడ్‌వర్క్స్‌లో ఫీచర్ ట్రీ (ఎడమవైపు ఉండే పార్టులు, ఫీచర్ల జాబితా) చూడండి. పేరు చివర బాణం ఉంటే ఆ జ్యామితి వేరే పార్టు నుంచి వస్తోందని అర్థం. బాణం పక్కన ప్రశ్నార్థకం ఉంటే మూలం ఫైల్ ఓపెన్‌లో లేదు, లేదా దొరకలేదు. ముందు మెయిన్ అసెంబ్లీ తెరిచి మళ్లీ చూడండి. బాణం పక్కన నక్షత్రం అంటే లాక్, ఇంటూ గుర్తు అంటే లింక్ తెగింది.

పార్టు మీద రైట్ క్లిక్ చేసి 'ఎక్స్‌టర్నల్ రిఫరెన్సెస్' (బయటి లింకుల జాబితా) తెరిస్తే ఏ ఫీచర్ ఏ పార్టులోని ఏ అంచు మీద ఆధారపడిందో వరసగా కనిపిస్తుంది. దాని స్క్రీన్‌షాట్ శుక్రవారం రాత్రికల్లా ఇక్కడ పెట్టండి. హౌసింగ్, కవర్ చేసేవాళ్లు తప్పనిసరిగా పెట్టాలి, ఎక్కువ లింకులు అక్కడే.

ఆ విండోలోనే ఉన్న 'బ్రేక్ ఆల్' (అన్ని లింకులూ తెంచే బటన్) మాత్రం దయచేసి నొక్కొద్దు. లాక్ అయితే మళ్లీ తీయొచ్చు, తెగిన లింక్ తిరిగి అతుక్కోదు.

ఫైళ్లు పంపేటప్పుడు 'ప్యాక్ అండ్ గో' (అసెంబ్లీకి కావలసిన ఫైళ్లన్నీ లింకులతో సహా కాపీ చేసే కమాండ్) వాడండి. ఫోల్డర్‌లో పేర్లు నేరుగా మారిస్తే అసెంబ్లీకి ఆ ఫైళ్లు దొరకవు.

డౌట్ ఉంటే రాత్రి 10 వరకు ఫోన్ చేయండి.